ఖమ్మం ఎండలో రోజ్‌మేరీ, జుకినీ: ఏది ఉంచాలి, ఏది ఆపాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. టీచరుగా రిటైరయ్యాను, 62 ఏళ్లు. డాబా మీద కుండీల్లో ఆకుకూరలు, వంగ, టమాటా పెంచుతుంటాను. సంక్రాంతికి డల్లాస్ నుంచి వచ్చిన మా అమ్మాయి బేసిల్, లెట్యూస్, కేల్, పార్స్లీ, జుకినీ గింజలు తెచ్చింది. వెళ్తూ వెళ్తూ నర్సరీలో రోజ్‌మేరీ, థైమ్ అనే వాసన ఆకుల మొక్కలు కొనిచ్చింది. ఉగాది అయ్యాక గింజలు వేశాను. లెట్యూస్ ఒక్కటీ మొలవలేదు. కేల్ మొలిచి మాడిపోయింది. పార్స్లీ నాలుగు మొక్కలు ఉన్నాయి కానీ ఎదగడం లేదు. జుకినీ ఏపుగా ఉంది, పూలూ బోలెడు, కానీ పిందెలు వేలెడంత కాగానే పసుపెక్కి రాలిపోతున్నాయి. రోజ్‌మేరీ కింది నుంచి గోధుమరంగుకి తిరుగుతోంది. బేసిల్ ఒక్కటే పచ్చగా ఉంది. మూడుపూటలా నీళ్లు పోస్తున్నాను. నాకు బీపీ ఉంది, మిట్టమధ్యాహ్నం బకెట్లు మోస్తుంటే మావారు కోప్పడుతున్నారు. "మన బెండ, గోంగూర వేసుకోక దేశం కాని దేశం మొక్కలు మనకెందుకు" అంటున్నారు. అమ్మాయి వీడియో కాల్‌లో మొక్కలు చూపించమంటే ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాను. నా పెంపకంలోనే లోపం ఉందా? ఇప్పుడు ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మొక్కల సంగతి తర్వాత. ముందు మీరు మధ్యాహ్నం డాబా ఎక్కడం ఇవాళే మానేయండి. పొద్దున 10 దాటాక సాయంత్రం 5 అయ్యేదాకా మెట్లవైపే వెళ్లొద్దు. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లోంచి నీటిని ఎక్కువగా బయటికి పంపే రకాలు ఉంటాయి. అవి వేసుకునేవాళ్లకి వడదెబ్బ తొందరగా తగులుతుంది. మీరు వాడేది ఏ రకమో మీ డాక్టర్‌ని ఒకసారి అడగండి, అంతేగానీ మీ అంతట మీరు మాత్ర మానొద్దు. ఈ విషయంలో మీవారి కోపం న్యాయమైనదే. మధ్యాహ్నం నీళ్లు పోయకపోతే మొక్కలు చచ్చిపోతాయేమో అన్న టెన్షన్ మీకు ఉంటుందని తెలుసు. చచ్చిపోవు. పైగా మీ రోజ్‌మేరీ చావుబతుకుల్లో ఉన్నది ఆ మూడో పూట నీళ్ల వల్లే. ఎలాగో చెబుతాను.

మీ పెంపకంలో లోపం లేదు. వంగ, టమాటా పెంచిన మనిషికి మొక్క భాష తెలుసు. జరిగింది ఏమిటంటే, మూడు రకాల వాతావరణాల్లో పుట్టిన మొక్కల్ని ఒకే డాబా మీద, ఒకే ఎండలో, ఒకే లెక్కన నీళ్లు పోసి పెంచారు. కొత్త మొక్క ఏది చేతికొచ్చినా నేను ముందు దాని పుట్టిల్లు ఎక్కడో వెతుకుతాను. అక్కడ ఎండాకాలం ఎలా ఉంటుంది, వాన ఎప్పుడు పడుతుంది? ఈ రెండూ తెలిస్తే గింజల ప్యాకెట్ మీద రాసిన సూచనల కన్నా ఎక్కువే తెలిసినట్టు. ఆ ప్యాకెట్ మీద "వసంతంలో నాటండి, బాగా ఎండ తగలాలి" అని ఉంటుంది. అది చల్లని దేశాల వసంతం, అక్కడి ఎండ. ఉగాది మనకీ వసంతమే, కానీ ఖమ్మంలో ఉగాది నాటికే పగటి వేడి 37, 38 డిగ్రీలకు చేరుతుంది.

మీ అమ్మాయి దగ్గర దాటవేయాల్సిన పనే లేదు. డల్లాస్‌లో ఉంటే తనకి ఈ సంగతి బాగా అర్థమవుతుంది. అక్కడ కూడా జూలై, ఆగస్టు నెలల్లో 38 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడిలో అక్కడి వాళ్లు కూడా లెట్యూస్ వేయరు. చలి తగ్గుతుండగా ఫిబ్రవరి, మార్చిలో ఒకసారి, మళ్లీ ఎండలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరులో ఒకసారి వేసుకుంటారు. మరి టెక్సాస్ ఎండాకాలంలో పెరట్లో ఏముంటాయనుకుంటున్నారు? బెండ, అలసంద, చిలగడదుంప, బచ్చలి. మలబార్ స్పినాచ్ అని వాళ్లు పిలుచుకునేది మన తీగబచ్చలినే. కాబట్టి మీవారి మాటలో సగం నిజం ఉంది: ఎండాకాలానికి మన బెండ, గోంగూరలే సరైనవి. మిగతా సగంతో మాత్రం నేను ఒప్పుకోను. దేశం కాని దేశం మొక్కలు మనకెందుకు అనడానికి లేదు. మిరప, టమాటా కూడా సముద్రాలు దాటి వచ్చినవే కదా. కాలం చూసి వేస్తే మీ జాబితాలో చాలావరకు ఖమ్మంలో పెరుగుతాయి.

ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం.

లెట్యూస్, కేల్, పార్స్లీ – ఈ మూడూ చల్లని వాతావరణం కోరే ఆకుకూరలు. లెట్యూస్ మొలవకపోవడానికి గింజలు పాతవి కావడం కారణం కాకపోవచ్చు. మట్టి వేడి 30 డిగ్రీలు దాటితే చాలా రకాల లెట్యూస్ గింజలు మొలకెత్తడం ఆపేస్తాయి. గింజ బతికే ఉంటుంది, వేడిలో మొలకెత్తితే బతకనని తెలిసినట్టు ఆగిపోతుంది. తడిగుడ్డలో చుట్టి రెండుమూడు రోజులు ఫ్రిజ్‌లో పెడితే మొలకలు వస్తాయని ఎవరైనా మీకు చెప్పవచ్చు. నిజమే, వస్తాయి. కానీ ఆ తర్వాత మే ఎండలో ఆ మొక్క నాలుగు ఆకులు వేసి, నిటారుగా కాడ లేపి, పూతకి వచ్చేస్తుంది. ఆకు నోట్లో పెట్టుకోలేనంత చేదెక్కుతుంది. ఆ శ్రమ వద్దు. మిగిలిన గింజల్ని గాలి చొరబడని సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. వంటింటి అలమరాలో పెడితే ఈ వేడికి, తేమకి మొలకశక్తి పోతుంది. ప్యాకెట్ మీద "దసరా తర్వాత" అని పెద్దగా రాసుకోండి. కేల్ గింజలకీ ఇదే మాట.

పార్స్లీ నాలుగు మొక్కలు మిగిలాయన్నారు, అది చిన్న విషయం కాదు. పార్స్లీ గింజ మొలవడానికే 3 వారాల దాకా తీసుకుంటుంది. ఈ ఎండల్లో మొలిపించారంటే మీరు ఎంత శ్రద్ధగా చూసుకున్నారో తెలుస్తోంది. ఆ కుండీని డాబా మీద నుంచి దింపేయండి. తూర్పు వైపు కిటికీ గట్టు మీద గానీ, పొద్దుటి నీరెండ ఒకటి రెండు గంటలు మాత్రమే తగిలే వరండాలో గానీ పెట్టండి. ఎదుగుదల ఆశించకండి, ఆకులు కోయకండి. ఈ రెండు నెలలూ అది బతికి ఉంటే చాలు. చలికాలంలో అదే మొక్క గుబురుగా వస్తుంది.

రోజ్‌మేరీ, థైమ్ సంగతి వేరు. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే, ఎందుకంటే ఇది కాపాడుకోగలిగిన మొక్క. ఇటలీ, స్పెయిన్, గ్రీసు దేశాల్లో సముద్రం ఒడ్డున రాళ్ల గుట్టల మీద పెరిగే మొక్కలివి. అక్కడ ఎండాకాలమంతా చుక్క వాన ఉండదు, వానలన్నీ చలికాలంలోనే. అంటే ఎండ, పొడి గాలి వీటికి కొత్త కాదు. వేళ్ల దగ్గర వేడి, తడి రెండూ కలిసి ఉండటమే వీటికి పడదు. మూడుపూటలా నీళ్లు పోస్తే కుండీలో మట్టి ఎప్పుడూ తడిగా ఉంటుంది, ఎండకి ఆ తడి వేడెక్కుతుంది, వేళ్లు కుళ్లుతాయి. వేరు కుళ్లిన మొక్క పైకి చూస్తే ఎండిపోయినట్టే కనిపిస్తుంది. అది చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. కింది నుంచి గోధుమరంగు పైకి పాకుతోందంటే చాలాసార్లు అర్థం ఇదే. పైగా నర్సరీ మొక్కల్ని ఎక్కువగా కోకోపీట్‌లోనే, అంటే కొబ్బరి పీచు పొట్టులోనే పెంచుతారు. అది నీళ్లని పట్టుకుని వదలదు. నర్సరీలో నీడ కింద లెక్కగా నీళ్లు ఇచ్చేవాళ్లకి అది బాగానే ఉంటుంది, మన డాబా మీద మాత్రం రోజ్‌మేరీకి అదే ప్రమాదం.

వెంటనే చేయాల్సింది: వేలు మట్టిలోకి రెండు కణుపుల లోతు దించి చూడండి. తడి తగిలితే ఆ రోజుకి నీళ్లు వద్దు. పూర్తిగా పొడిగా ఉన్నప్పుడే, కుండీ అడుగు రంధ్రంలోంచి నీరు కారేదాకా ఒకేసారి పోసి వదిలేయండి. కుండీ కింద సాసర్ ఉంటే తీసేయండి. కుండీని మధ్యాహ్నం 12 తర్వాత ఎండ తగలని చోటికి జరపండి, గాలి మాత్రం ఆడాలి. ఇప్పుడు కుండీ మార్చొద్దు, వేళ్లు కదిలితే ఈ ఎండలో తేరుకోలేదు. పచ్చగా ఉన్న కొమ్మలు నాలుగైదు ఉంటే బతికే అవకాశం ఉంది. అక్టోబరులో సగం ఎర్రమట్టి, సగం ముతక ఇసుక, కొంచెం మాగిన ఎరువు కలిపిన మట్టిలోకి మార్చండి. కుండీ మట్టిదైతే ఇంకా మంచిది. ఖమ్మం చుట్టుపక్కల దొరికే నల్లరేగడి మాత్రం ఈ రెండింటికీ వద్దే వద్దు. అక్టోబరులోనే రోజ్‌మేరీ కొమ్మల్ని నాలుగు అంగుళాల పొడవు కోసి, కింది ఆకులు దూసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో పెట్టండి. గింజల నుంచి రోజ్‌మేరీ పెంచడం చాలా కష్టం, కొమ్మల నుంచే సులువు.

జుకినీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గుమ్మడి కుటుంబం ఇది. మగపూలు, ఆడపూలు వేర్వేరుగా పూస్తాయి. పువ్వు కింద చిన్న పిందె కనిపిస్తే ఆడపువ్వు, సన్న కాడ మాత్రమే ఉంటే మగపువ్వు. ఎండ ముదిరినకొద్దీ మగపూలు ఎక్కువ, ఆడపూలు తక్కువ అవుతాయి. బోలెడు పూలు అని మీరు రాసినవాటిలో చాలావరకు మగపూలే అయ్యుంటాయి. పూసిన ఆడపువ్వుకి పుప్పొడి అందాలంటే తేనెటీగ రావాలి. డాబా మీదకి, వడగాలుల్లో, అవి ఎన్ని వస్తాయి? వచ్చినా తీవ్రమైన వేడికి పుప్పొడి చచ్చుబడుతుంది. పుప్పొడి అందని పిందె చివర నుంచి పసుపెక్కి రాలిపోతుంది. మీ టమాటా పూత కూడా రాలిపోతుంటే దానికీ కారణం దాదాపు ఇదే: పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే టమాటాలో కాపు నిలవడం కష్టం. మే నెలలో ఖమ్మంలో రాత్రిళ్లు కూడా 27, 28 డిగ్రీల దగ్గరే ఉంటాయి.

ఒక ప్రయత్నం చేయాలనిపిస్తే పొద్దున 6, 7 గంటల మధ్య, ఎండ ఎక్కకముందే, అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకలు చీల్చేసి, మధ్యలోని పుప్పొడి కాడని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. ఒకటి రెండు కాయలు నిలవొచ్చు. కానీ నా సలహా అడిగితే, రోహిణి కార్తె రాకముందే ఆ మొక్క తీసేయండి. అది తాగే నీళ్లకి, ఆక్రమించిన చోటుకి తగ్గ ఫలితం ఈ ఎండల్లో ఇవ్వదు. తీసేముందు మగపూలు కోసి శనగపిండిలో ముంచి బజ్జీలు వేయండి, మీవారికి కూడా నచ్చుతాయి. గింజలు మిగిలితే అక్టోబరు మధ్యలో వేయండి, డిసెంబరుకల్లా కాయలు కోయొచ్చు.

ఒక హెచ్చరిక. నీళ్ల ఎద్దడిలో, తీవ్రమైన ఎండలో కాసిన జుకినీ, సొర, దోస కాయల్లో ఒక్కోసారి గట్టి చేదు వస్తుంది. కుకుర్బిటాసిన్ అనే పదార్థం వల్ల వచ్చే చేదు అది, ఉడికించినా పోదు. కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. ఉప్పు రాసి పిండితే పోతుందిలే అని వండొద్దు. చేదు సొరకాయ రసం తాగి ఆసుపత్రి పాలైనవాళ్లు మన దేశంలో ఉన్నారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

ఇక బేసిల్. అది పచ్చగా ఉండటంలో వింత లేదు. మన తులసి కుటుంబమే, వేడి ప్రాంతాల మొక్క. అసలు ఎండాకాలం నిమ్మరసంలోనో ఫలూదాలోనో వేసుకునే సబ్జా గింజలు బేసిల్ గింజలే. ఇటాలియన్ రకం వాసన కొంచెం వేరుగా ఉంటుంది, అంతే. దానికి రోజూ పొద్దున నీళ్లు, మధ్యాహ్నం కాస్త నీడ ఇస్తే చాలు. పూత మొగ్గ కనిపించగానే కొసలు గిల్లేయండి, పక్కకొమ్మలు వేసి గుబురుగా వస్తుంది. గిల్లిన కొసల్ని ఆరేడు అంగుళాల పొడవున కోసి గ్లాసు నీళ్లలో పెట్టి, నీళ్లు రోజూ మారుస్తుంటే పది రోజుల్లో వేళ్లు వస్తాయి. ఒక మొక్కని మాత్రం పూతకి వదిలేయండి. బేసిల్ పూలంటే తేనెటీగలకి ఇష్టం, మీ వంగకి, బీర పాదులుంటే వాటికి కూడా మేలు.

ఇప్పుడు డాబా గురించి. ఎండాకాలం డాబా తోటలో మొక్కల్ని ముందుగా దెబ్బతీసేది నెత్తిమీది ఎండ కన్నా కుండీ లోపలి వేడి. నేలలో ఉన్న మొక్క వేళ్లు చల్లదనం కోసం లోతుకి వెళ్తాయి, కుండీలో ఉన్నదానికి ఆ దారి లేదు. పైన ఎండ, పక్కన నల్ల ప్లాస్టిక్, కింద కాలు పెట్టలేనంత కాలిన స్లాబు. వేళ్లు ఉడికిపోతే ఎన్ని నీళ్లు పోసినా మొక్క తాగలేదు. అందుకే మీరు చేయాల్సిన పనులన్నీ వేళ్లని చల్లగా ఉంచడం చుట్టూనే ఉంటాయి.

కుండీలన్నిటినీ రెండేసి ఇటుకల మీద ఎత్తి పెట్టండి, కింద గాలి ఆడాలి. దూరం దూరంగా ఉన్నవాటిని దగ్గరికి చేర్చండి. ఒకదాని నీడ ఒకదానికి పడుతుంది, మధ్యలో కొంచెం తేమ నిలుస్తుంది. నల్ల బ్యాగులు, నల్ల బకెట్లు ఉంటే బయటివైపు సున్నం పూయండి, లేదా తెల్ల గుడ్డ గానీ గోనెపట్టా గానీ చుట్టండి. బరువు మోయకండి, ఈ జరిపే పనులకి ఎవరినైనా సాయం పిలవండి. మట్టి మీద రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు – ఏది దొరికితే అది పరవండి. కాండానికి ఆనకుండా చుట్టూ కొంచెం ఖాళీ వదలండి. రోజ్‌మేరీ, థైమ్‌లకి మాత్రం ఆకులు పరవొద్దు, చిన్న గులకరాళ్లు చాలు. ఈ పరుపు పనికి ఖర్చేమీ లేదు, నీటి అవసరం మాత్రం బాగా తగ్గుతుంది. నీళ్లు ఎక్కువ పోయడం కన్నా పోసిన నీళ్లు ఆవిరైపోకుండా చూసుకోవడమే ఈ కాలంలో అసలు పని.

షేడ్ నెట్ కొనేట్టయితే కూరగాయలకి 50 శాతం నీడ ఇచ్చేది తీసుకోండి. 75 శాతానిది కింద వేస్తే మొక్కలు సన్నగా సాగిపోతాయి. తెలుపు లేదా వెండి రంగు దొరికితే నలుపు కన్నా చల్లగా ఉంటుంది. మొక్కల మీద నేరుగా కప్పకుండా ఏడెనిమిది అడుగుల ఎత్తున కట్టించండి. పైన ఎంత ముఖ్యమో పడమటి పక్క అంత ముఖ్యం. మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా అటువైపు నుంచి వాలుగా వచ్చే ఎండే ఆకుల్ని కాల్చేది. ఈ ఏడాదికి ఖర్చు వద్దనుకుంటే పాత నూలుచీర రెండు కర్రలకి కట్టి పడమట తెరలా వేలాడదీయండి. మే నెలలో సాయంత్రాలు గాలిదుమారాలు లేస్తాయి కదా, ఏది కట్టినా నాలుగు మూలలా గట్టిగా కట్టించండి.

నీళ్లు తెల్లవారుజామున, 7 లోపు, ఒకేసారి నిండుగా పోయండి. సాయంత్రం ఎండ వాలాక వేలు పెట్టి చూసి, పొడిగా ఉన్నవాటికే మళ్లీ పోయండి. చిన్న కుండీలకి, ఆకుకూరలకి రెండో తడి అవసరమవుతుంది. డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకులో, పైపులో నీళ్లు పగలంతా కాగి ఉంటాయి. సాయంత్రం పైపులో మొదట వచ్చే వేడి నీళ్లని బకెట్‌లో పట్టి పక్కన పెట్టండి, చల్లారాక వాడొచ్చు. మధ్యాహ్నం 2 గంటలకి జుకినీ, బీర, గుమ్మడి లాంటి వెడల్పాటి ఆకులు వాలిపోవడం మామూలే, నీటిని పొదుపు చేసుకునే పద్ధతి అది. సాయంత్రానికి తేరుకుంటే నీళ్లు చాలినట్టే. పొద్దున కూడా వాడిపోయి కనిపిస్తేనే ఆలోచించాలి. ఊరికి వెళ్లాల్సి వస్తే పెద్ద బ్యాగుల్లో ఒక చిన్న మట్టికుండని మెడదాకా పూడ్చి, నీళ్లు నింపి, మూత పెట్టండి. కుండ ఊరుతూ వేళ్లకి తడి అందిస్తుంది. పెయింట్ వేసిన కుండ పనికిరాదు.

బోరు నీళ్లు వాడుతుంటే మట్టి మీద తెల్లటి పొర కడుతోందేమో గమనించండి. అది ఉప్పు. ఎండకి నీరు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది, ఆకుల అంచులు కాలినట్టు అవుతాయి. పదిహేను రోజులకొకసారి కుండీ అడుగు నుంచి బాగా కారిపోయేలా ఎక్కువ నీళ్లు పోసి ఆ ఉప్పుని కడగాలి. ఆర్‌ఓ మెషిన్ నుంచి బయటికొచ్చే నీళ్లు మొక్కలకి పోస్తుంటే ఆపేయండి, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ ఉంటుంది. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు హాయిగా పోయొచ్చు.

ఎండలు తగ్గేదాకా యూరియా, నూనె తీశాక మిగిలే చెక్క, పచ్చి పేడ ఏవీ వేయొద్దు. ఆకలి లేనప్పుడు తినిపించినట్టు అవుతుంది. బేసిల్ కొసలు గిల్లడం తప్ప కత్తిరింపులూ వద్దు, కాలిన ఆకులు కూడా కింది ఆకులకి నీడ ఇస్తాయి. ఆకుల అడుగున ఎర్రనల్లి, పిండినల్లి కనిపిస్తే పొద్దున్నే పైపుతో ఆకుల అడుగు వైపు గట్టిగా నీళ్లు కొట్టండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి పొద్దు వాలాక చల్లండి. ఎండలో చల్లితే ఆ నూనెకే ఆకు మాడిపోతుంది.

కొత్తవి పెంచాలన్న మీ కోరికని చంపుకోవద్దు. మన వేడిని తట్టుకునే కొత్త మొక్కలు చాలానే ఉన్నాయి. మెక్సికో నుంచి వచ్చిన పొడవాకు కొత్తిమీర ఒకటి ఉంది, కేరళలో ఆఫ్రికన్ మల్లి అంటారు. రంపపు అంచుల పొడవాటి ఆకు, అచ్చం కొత్తిమీర వాసనే, ఇంకా ఘాటుగా. మామూలు కొత్తిమీర తొందరగా పూతకొచ్చేసే ఈ ఎండల్లో అది నీడలో, తడిలో నిలబడుతుంది. బ్రెజిల్ పాలకూర అని పిలిచే సిస్సూ, అడుగున ఊదారంగు ఉండే ఒకినావా బచ్చలి – రెండూ కొమ్మ గుచ్చితే వస్తాయి, సగం నీడ చాలు. వీటి గింజల కోసం వెతక్కండి, మిద్దెతోటల వాళ్లు కొమ్మలు ఇచ్చిపుచ్చుకుంటుంటారు. సిస్సూ మాత్రం పచ్చిగా కాకుండా వండుకుని తినండి. జుకినీ బదులు ఉత్తరాది కక్డీ వేయండి. ఆర్మేనియన్ కుకుంబర్ పేరుతో గింజలు అమ్ముతారు. పేరు కుకుంబర్ అయినా ఖర్బూజా జాతిది, ఎండంటే దానికి ఇష్టం. పందిరి ఉంటే చాలు. లేత బీరకాయ, లేత సొరకాయ కూడా చక్రాల్లా కోసి పెనం మీద వేయిస్తే జుకినీ లోటు తెలియదు. మీ అమ్మాయి పిజ్జా కోసం ఒరెగానో అడిగితే మన వామాకు ఉంది కదా, క్యూబాలో దాన్నే ఒరెగానోలా వాడతారు. రెండు ఆకులు చాలు, ఘాటెక్కువ. నీళ్లు పోసిన కుండీల్లో దానంతట అదే మొలిచే గంగవాయిలి కూరని కలుపని పీకేయకండి. అమెరికాలో మెక్సికన్ల దుకాణాల్లో దాన్ని కట్టలు కట్టి అమ్ముతారు.

చాయా అనే మెక్సికో ఆకుకూర కొమ్మ కూడా ఎవరైనా ఇవ్వొచ్చు. ఎండకి, కరువుకి బాగా తట్టుకుంటుంది, పోషకాలూ ఎక్కువే. కానీ పచ్చి ఆకులో సైనైడ్‌నిచ్చే పదార్థాలుంటాయి. 15, 20 నిమిషాలు మూత లేకుండా ఉడికించకుండా తినకూడదు. సలాడ్‌లో, జ్యూస్‌లో అసలే వేయొద్దు. అసలు ఏ కొత్త ఆకైనా ఇది ఫలానాదని తెలిసినవాళ్లు మొక్కని చూసి చెప్పాకే వండండి. ఫోన్‌లో ఫోటో చూసి పేరు చెప్పే యాప్‌ని నమ్మి నోట్లో పెట్టుకోవద్దు.

గింజల విషయంలో ఇంకొక మాట. విదేశాల నుంచి నాటే విత్తనాలు మన దేశంలోకి తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వుల ప్రకారం దిగుమతి అనుమతి, అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. గింజతో పాటు ఇక్కడ లేని తెగుళ్లు రాకూడదని పెట్టిన నియమం అది, రైతుల మేలు కోసమే. మీ అమ్మాయికి ఈ సంగతి చెప్పండి. తను తెచ్చిన రకాలన్నీ ఇప్పుడు మన దగ్గర విత్తనాల షాపుల్లోనే దొరుకుతున్నాయి, పైగా మన వాతావరణానికి తగిన రకాలు ఎంచుకోవచ్చు. ఈసారి వీడియో కాల్‌లో ఖాళీ కుండీలు కూడా చూపించి, దసరా తర్వాత ఏవి వేద్దామో ఇద్దరూ కూర్చుని ఎంచుకోండి.

ఒక్క విషయం మిగిలింది. మృగశిర వచ్చి తొలకరి పడగానే అందరూ నెట్ తీసేసి కుండీలన్నీ వానకి వదిలేస్తారు. వంగ, బెండ, బేసిల్‌లకి అది సంతోషమే. రోజ్‌మేరీ, థైమ్‌లని మాత్రం ఆ రోజే చూరు కిందికి, వానజల్లు తగలని వెలుతురు చోటికి జరిపించండి. ఎండని తట్టుకున్నవి కూడా జూలై, ఆగస్టు ముసురుకి కుళ్లిపోతుంటాయి. వానాకాలంలో వాటికి వారానికి ఒకసారి నీళ్లు పోస్తే ఎక్కువ, అదీ వేలు పెట్టి చూశాకే.